చంద్రమతి కోరిన పాట

ఆ ఉదయం గుండయ్య పెట్టుకున్న పని ఒక్కటే. ఉస్మాన్‌గంజ్ వెళ్లి రెండు కిలోల ఎండు మిరపకాయలు కొని, ఎండ ముదరకముందే తెచ్చి భార్య కాశమ్మకు అప్పజెప్పడం. బస్సు డిపోలో ముప్పై ఆరేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషికి ఇదేమంత పెద్ద పని కాదు. కాశమ్మ మాత్రం అలా అనుకోలేదు. సంచి చేతికిస్తూ మూడు జాగ్రత్తలు చెప్పింది.

"పొడుగు కాయ తేవాలె. తొడిమెలు ఊడినయి తేవద్దు. నడుమ ఎవలన్న పాటల ముచ్చట తీస్తే నిలవడొద్దు."

మూడోదే అసలైనది. పాత పాటల మాట వినబడితే గుండయ్య కాళ్లు నేలకు అతుక్కుపోతాయని వాళ్లుండే బార్కస్ బస్తీలో అందరికీ తెలుసు. పందొమ్మిది వందల అరవైల్లో వచ్చిన పాట ఏదైనా సరే, ఎవరు రాశారు, ఎవరు పాడారు, రికార్డింగు రోజున ఎవరికి జలుబు చేసింది, అన్నీ చెబుతాడు. వాటిలో సగం నిజాలు. మిగతా సగం నిజమైతే బాగుండేవి.

చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా ఫోను మోగింది.

"నమస్తే సర్, బార్కస్ శ్రోతల సంఘం సెక్రటరీ గుండయ్య గారేనా?" అంది ఓ అమ్మాయి గొంతు.

ఆ మాట విని గుండయ్య ఒక క్షణం ఉక్కిరిబిక్కిరయ్యాడు. ఆ సంఘం అరవై ఏళ్ల కిందటిది. సభ్యులు ఇద్దరే, తనూ, పక్కింటి అన్వరూ. పన్నెండేళ్ల వయసులో పెట్టుకున్న సంఘాన్ని రద్దు చేయాలని ఇద్దరికీ ఎప్పుడూ తోచలేదు కాబట్టి, ఆ ప్రకారం చూస్తే తను ఇంకా సెక్రటరీయే.

"నేనేనమ్మా," అన్నాడు గొంతు సవరించుకుని.

ఆ అమ్మాయి పేరు రశ్మి. ఫోన్లలో వినే ఓ పాటల చానల్లో 'పాట వెనక ముచ్చట' అనే కార్యక్రమం నడుపుతుందట. ఉస్మాన్‌గంజ్‌లో ఒక చిత్తుకాగితాల దుకాణంలో పాత పోస్టుకార్డుల మూట దొరికిందట. అన్నీ అరవైల్లో జనం రేడియోకు పాటలు కోరుతూ రాసినవి.

"అందులో నూట పన్నెండు కార్డుల్లో ఒకటే పేరు సర్. 'కోరినవారు: చంద్రమతి, జల్‌పల్లి.' కింద మీ సంఘం పేరు, మీ సంతకం. అన్నిట్లోనూ ఒకటే పాట, 'వాగు దాటి వచ్చిన వెన్నెల'. ఆ సినిమా పదకొండు రోజులే ఆడింది. పాట మాత్రం ఇప్పటికీ బతికుందంటే ఈమె పట్టుబట్టి వేయించడం వల్లే. ఎవరు సర్ ఈ చంద్రమతి గారు?"

గుండయ్య చేతిలోని సంచి కింద పడింది.

ఆ క్షణంలోనే 'చంద్రమతి మా బర్రె' అని ఒక్క ముక్క చెప్పేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ పిల్ల 'గారు' అంది. గారు అని పిలిచాక వెంటనే బర్రె అనడం మర్యాదగా ఉండదనిపించింది గుండయ్యకు.

"మా ఇంట్లదే," అన్నాడు మెల్లగా.

"ఇప్పుడు ఉన్నారా సర్?"

"లేదమ్మా. పోయి శానా ఏండ్లాయె."

"అయ్యో! ఏం చేసేవారు?"

"పాలు..."

"పాల వ్యాపారమా?"

"గట్లనే అనుకో. మా నాయిన పోయినంక మా అయిదుగురు పిల్లలు బతికిందే గా పాల మీద."

రశ్మి ఇక ఆగలేదు. "సర్, ఈ ఆదివారం ఆమెకు సన్మానం చేస్తాం. ఆమె తరఫున శాలువా మీరే తీసుకోవాలి." ఫోను పెట్టేసింది.

అసలు సంగతి ఇదీ. అరవై ఆరులో తండ్రి పోయాక, గుండయ్య తల్లి జల్‌పల్లి నుంచి ఒక బర్రెను తోలుకొచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, నుదుట గుండ్రని తెల్ల మచ్చతో ఉండేది. ఆ మచ్చను చూసే చంద్రమతి అని పేరు పెట్టారు. అయిదుగురు పిల్లల తిండీ, బట్టా, పలకా అన్నీ దాని పొదుగులోంచే రావాలి. వచ్చిన రెండో నెలకే దూడ చచ్చిపోయింది. దూడ లేని బర్రె పాలు చేపదు. తల్లి ఎంత బుజ్జగించినా, ఎంత తవుడు పెట్టినా చంద్రమతి కాళ్లు బిగబట్టి నిలబడేది. ఒక సాయంత్రం పక్కనే అన్వర్ వాళ్ల కిటికీలో రేడియో మోగుతోంది. గల్లీ మొత్తానికి అదొక్కటే రేడియో. ఆ పాట వచ్చింది. మొదట్లో ఫ్లూటు, తర్వాత గొంతు. చంద్రమతి చెవులు నిక్కించింది. రెండో చరణం అయ్యేసరికి ఇత్తడి చెంబు నిండింది.

మర్నాడు పాట రాలేదు, పాలూ రాలేదు. తల్లే ఆ పాట పాడి చూసింది. చంద్రమతి చెంబును తన్నింది. దాంతో గుండయ్య, అన్వర్ కలిసి సంఘం పెట్టి, శ్రోతలు కోరిన పాటల కార్యక్రమానికి కార్డులు రాయడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ల పేరుంటే రేడియోవాళ్లు గౌరవిస్తారని మొదట అన్వర్ తండ్రి పేరు రాశారు. ప్రేమపాట కోరినవారిలో తన పేరు విన్న ఆ పెద్దమనిషి ఇద్దరి వీపులూ విమానం మోత మోగించాడు. పాట ఎవరికి కావాలో వాళ్ల పేరే రాయడం న్యాయమని అప్పుడు అన్వర్ తీర్పు చెప్పాడు. చంద్రమతి పుట్టిల్లు జల్‌పల్లే కాబట్టి చిరునామా కూడా అబద్ధం కాదు. ఆ రకంగా ఒక బర్రె పేరు రెండేళ్లపాటు రేడియోలో మోగింది. అయిదుగురు పిల్లలూ బతికి బట్టకట్టారు.

గుండయ్య ఉస్మాన్‌గంజ్ మాట మరచి పక్కింటికి నడిచాడు. అన్వర్ అరుగు మీద కూర్చుని జామకాయ కోసుకుంటున్నాడు. యాభై ఏళ్లు జామపండ్ల వ్యాపారం చేసినా అతనికి వాటి మీద మోజు తీరలేదు. సంగతంతా విని, ముక్క గొంతుకు అడ్డం పడేదాకా నవ్వాడు.

"అరే, బోల్ దేనా థా నా! అది బర్రె అని చెప్తే అయిపోవు గదా."

"ఎట్ల చెప్పాలె అన్వర్ భాయ్? గారు అన్నదిరా ఆ పిల్ల."

"ఫికర్ మత్ కర్. రేపు ఫోన్ చేసి ఇద్దరం కలిసి చెప్దాం."

ఇంటికొస్తే కాశమ్మ గుమ్మంలోనే ఉంది. ఖాళీ సంచిని, మొగుడి ముఖాన్ని మార్చి మార్చి చూసింది. అత్తగారి నోట చంద్రమతి కథ వందసార్లు విన్న మనిషి ఆమె. అంతా విని ఒకటే అంది.

"ఇయ్యాల చెప్తే ఒక్కల ముందట నవ్వులపాలైతవు. రేపు చెప్తే ఊరు ముందట. నీ ఇష్టం. మిరపకాయలేవి?"

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేద్దామనుకునే లోపు రశ్మి స్వయంగా వచ్చేసింది. వెంట విశాల్ అనే కుర్రాడు, అట్టలూ పెన్సిళ్లతో. చంద్రమతి ఫొటో ఏదీ లేదు కాబట్టి గుర్తులు చెబితే బొమ్మ గీస్తాడట. గుండయ్య నోరు తెరిచేలోపే అన్వర్ అందుకున్నాడు. ఒకసారి మొదలుపెడితే ఆగడం అతని వంట్లో లేదు.

"మస్తు పెద్ద కండ్లు. నలుపే, గని కళ ఉంటుండె. నుదుట తెల్లగ, గుండ్రంగ..."

"విభూతా అంకుల్?" అన్నాడు విశాల్.

"పుట్టంగనే వచ్చింది బేటా."

"మంచి భక్తురాలన్నమాట," అని రశ్మి రాసుకుంది. "స్వభావం?"

"జర జిద్దు ఎక్కువ," అన్నాడు గుండయ్య నిస్సహాయంగా. "గుండయ్య అమ్మను తప్ప ఎవరినీ దగ్గరికి రానియ్యకపోవు," అని అన్వర్ పూర్తిచేశాడు.

పావుగంటలో బొమ్మ తయారైంది. విశాలమైన కళ్లతో, నుదుట విభూతితో, గంభీరంగా చూస్తున్న ఒక పెద్దావిడ. లోపలి నుంచి చాయ్ తెచ్చిన కాశమ్మ ఆ బొమ్మ చూసి, కప్పులు కింద పెట్టి, మళ్లీ లోపలికి వెళ్లి తలుపు వేసుకుని నవ్వింది. ఆ నవ్వు బయటికి దగ్గులాగా వినబడింది.

సాయంత్రానికి ఆ బొమ్మ ఫోన్లన్నిటికీ ఎక్కింది. జల్‌పల్లి పాడి మహిళలు దండ పంపుతామన్నారు. అక్కడి కొత్త కాలనీ సంఘం తమ వీధికి చంద్రమతి పేరు పెడుతున్నట్టు ప్రకటించింది. గుండయ్యకు అన్నం సహించలేదు. శుక్రవారం పొద్దున గుండె దిటవు చేసుకుని రశ్మికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ చంద్రమతి గురించి ఒక మాట చెప్పాలె..."

"సర్, ముందు నా మాట వినండి! ఆ పాటలో ఫ్లూట్ వాయించిన డానియేలు గారు దొరికారు! ఎనభై ఏడేళ్లు. ఏ ఫంక్షన్‌కీ రారట. చంద్రమతి పేరు చెప్పగానే కళ్లనీళ్లు పెట్టుకుని, ఆదివారం తప్పకుండా వస్తానన్నారు. సినిమా పోయాక ఫ్లూట్ అటక మీద పడేసి వేరే పని చూసుకుందామనుకున్నారట. అప్పుడు రేడియోలో ఈమె పేరు వినిపించిందట, రోజు తప్పి రోజు. తన వాయిద్యాన్ని ఈ ఊళ్లో ఒక్కరైనా వింటున్నారని ఆయన ఆ ఆలోచన మానుకున్నారు సర్. ఆ ఒక్క శ్రోత కోసం ఇన్నేళ్లూ వాయించానని చెప్పారు. మీరేదో చెప్పబోయారు?"

"ఏం లేదమ్మా," అన్నాడు గుండయ్య.

ఇక నవ్వులపాలు కావడం సమస్య కాదు. తను నవ్వులపాలైతే రెండు రోజుల్లో మరచిపోతారు. కానీ ఎనభై ఏడేళ్ల మనిషి దగ్గరికి పోయి, 'అయ్యా, మీ ఒక్క అభిమానీ బర్రె' అని ఎలా చెప్పడం? గుండయ్య ఆ రోజంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నోరు మూసుకుని శాలువా కప్పించుకుని వచ్చేద్దామని చివరికి నిర్ణయించుకున్నాడు. కాశమ్మ ఈసారి మిరపకాయల ఊసు ఎత్తలేదు. దాన్నిబట్టి పరిస్థితి ఎంత విషమించిందో అతనికి అర్థమైంది.

ఆదివారం నాలుగు గంటలకు ఫంక్షన్ హాలు నిండిపోయింది. వాకిట్లో పెద్ద ఫ్లెక్సీ. ఒక మూలన చిన్నగా చంద్రమతి బొమ్మ. మిగతా అంతా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నమస్కరిస్తున్న ఒక భారీ మనిషి. కింద 'చంద్రమతమ్మ గారి ముద్దుల మనవడు రామ్‌చందర్, జల్‌పల్లి' అని ఉంది.

గుండయ్య ఆ ఫ్లెక్సీని మూడుసార్లు చదివాడు.

"భాయ్," అని అన్వర్ చెవిలో గొణిగాడు గుండయ్య. "చంద్రమతికి మనవడెక్కడికెల్లి వచ్చిండు?"

"వార్డు ఎలక్షన్లల్ల నిలవడుతడట. వీధికి పేరు పెడుతున్నరని తెలిసి సుట్టరికం కలుపుకున్నడు," అన్నాడు అన్వర్. "చుప్ బైఠో. శాలువా వాడే తీసుకుంటే నీకు పీడ పోతది."

అదీ నిజమేననిపించింది గుండయ్యకు. వేదిక మీద కుర్చీలో ఒద్దికగా కూర్చున్నాడు. పక్క కుర్చీలో డానియేలు. తెల్లని చొక్కా, ఒళ్లో గుడ్డ చుట్టిన ఫ్లూటు. ఆయన గుండయ్య చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఆమె ఎట్లుంటుండెనో సూడాలనుకున్న నాయినా, నసీబుల లేదు," అన్నాడు. గుండయ్య తల ఎత్తలేకపోయాడు.

రామ్‌చందర్ మైకు అందుకున్నాడు. నాయనమ్మ ఒళ్లో కూర్చుని ఆ పాట విన్నానన్నాడు. ఆవిడే తనకు ప్రజాసేవ నేర్పిందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగి ఉంటే శాలువా భుజాల మీద వేసుకుని హాయిగా ఇంటికెళ్లేవాడు. కానీ చప్పట్లు విన్నాక ఆగడం కష్టం.

"మా నాయనమ్మ దిల్ అంత పెద్దది. ఇగో, ఈ గుండయ్య వాళ్ల అమ్మ గూడ మొగడు పోయి దిక్కులేక వస్తే, మా నాయనమ్మనే కొట్టంల పేడ తీసే పని ఇచ్చి బతికించింది!"

హాలు జాలిగా నిట్టూర్చింది. అందరి కళ్లూ గుండయ్య మీద పడ్డాయి.

గుండయ్యకు ఒళ్లు మండిపోయింది. కోడి కూయకముందే లేచి, గడ్డి కోసుకొచ్చి, చేతులు కాయలు కాసేలా అయిదుగురిని సాకిన తల్లి. ఎవరి కొట్టంలోనూ ఎవరి దయ మీదా ఒక్క పూట బతకని తల్లి. డానియేలు చేతిలోంచి చెయ్యి విడిపించుకుని లేచాడు. రామ్‌చందర్ దగ్గర మైకు లాక్కున్నాడు.

"మా అమ్మ పేడ తీసిన మాట నిజమే," అన్నాడు. "గని అది మా కొట్టం. మా బర్రె. ఆ బర్రె పేరే చంద్రమతి."

గుండయ్య జనం వైపు తిరిగాడు.

"మనిషి కాదు, ఏం కాదు. నల్ల బర్రె. దూడ సచ్చిపోతే పాలియ్యకుండె. ఆ పాట ఇంటెనే ఇచ్చేది. అందుకే నేనూ అన్వరూ దాని పేరు మీద కార్డులు రాసినం. తప్పంటే తప్పే. గని మా అమ్మ గురించి ఇంకొక్క మాట అంటే మాత్రం ఊకోను."

రామ్‌చందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "అంటే... నేను..."

"అన్నా!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "గట్లయితే మీ తాత దున్నపోతా?"

ఆ తర్వాత రెండు నిమిషాలు హాలు హాలంతా కుర్చీల్లో నిలవలేదు. పాడి మహిళలు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. రామ్‌చందర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పక్క తలుపులోంచి బయటికి నడిచాడు. వెళ్తూ వెళ్తూ ఫ్లెక్సీ కూడా పీకి పట్టుకెళ్లాడని తర్వాత తెలిసింది.

గుండయ్య మాత్రం నవ్వలేదు. మెల్లగా డానియేలు వైపు తిరిగాడు. ముసలాయన తల వంచుకుని ఒళ్లో ఉన్న ఫ్లూటునే చూస్తున్నాడు. ఒక్కొక్కరే గమనించి నవ్వు ఆపేశారు.

"పెద్దాయినా, మాఫ్ చెయ్యి," అన్నాడు గుండయ్య. "నిన్ను బాధపెట్టాలని కాదు..."

డానియేలు తల ఎత్తాడు. "ఎన్ని పాలిచ్చేది?"

"ఆ... నీ పాట వస్తే నాలుగు సేర్లు. రాకపోతే చెంబు అడుగు గూడ తడవకపోవు."

"ఏరే పాటలకు?"

"అన్నీ పెట్టి చూసినం. పెద్ద పెద్దోళ్ల పాటలు, వంద రోజులాడిన సినిమాల పాటలు. తోక గూడ కదపలే."

"కదపలేదా?"

"ఈగ వాలితే తప్ప."

డానియేలు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని రశ్మి పరుగున వచ్చింది. ఆయన నవ్వుతున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వుతూ మైకు కోసం చెయ్యి చాచాడు.

"ఆ పాట రికార్డింగు నాడు సినిమాల డబ్బు పెట్టినాయన నా మొఖం మీదనే అన్నడు, గీ ఫ్లూటు పశువులు గూడ ఇనయని. అరవై ఏండ్లు ఆ మాట నా గుండెల ముల్లు లెక్క ఉన్నది. ఇయ్యాల తీసేసిండు ఈ గుండయ్య." ఆయన హాలంతా కలియజూశాడు. "మనుషుల చప్పట్లు మస్తు చూసిన. పక్కోడు కొట్టిండని కొడ్తరు. స్టేజీ మీద తెలిసినోడు ఉన్నడని కొడ్తరు. బర్రె మొహమాటానికి పాలియ్యదు. నాకు దొరికినంత నిజమైన శ్రోత ఏ కళాకారునికన్న దొరికిందా, చెప్పుండ్రి!"

అన్వర్ లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టాడు. హాలు మొత్తం లేచింది.

డానియేలు గుడ్డ విప్పి ఫ్లూటు పెదవులకు ఆనించాడు. ఎనభై ఏడేళ్ల ఊపిరి మొదట తడబడింది, తర్వాత దారి దొరికింది. అదే పాట. గుండయ్య కళ్లు మూసుకున్నాడు. కొట్టం, తవుడు వాసన, చెంబులో పడుతున్న ధారల చప్పుడు, వంగి కూర్చున్న తల్లి వీపు. పాట వినబడగానే ఆమె ముఖంలో విచ్చే నవ్వు. ఇన్నేళ్లూ తను పాటల వెనక కథలు చెబుతూ తిరిగింది ఆ నవ్వు కోసమేనని గుండయ్యకు తెలిసింది. సిగ్గుపడకుండా అందరి ముందూ ఏడ్చాడు.

శాలువా ఎవరికి కప్పాలన్న ప్రశ్న వచ్చింది. "ఆమెను పాలకు దింపింది నేనైతే, నన్ను ఆమె కాడికి తెచ్చింది కార్డులు రాసినోళ్లు," అని డానియేలు తేల్చాడు. ఒకటే శాలువా కాబట్టి గుండయ్య, అన్వర్ దాన్ని ఇద్దరి భుజాల మీదా పరుచుకుని ఫొటో దిగారు. శ్రోతల సంఘానికి ఆ ఒక్క సాయంత్రమే రెండు వందల ఇరవై మంది కొత్త సభ్యులు చేరారు. కార్యదర్శి పదవికి పోటీ లేదు.

బయట కాశమ్మ సంచి పట్టుకుని నిలబడి ఉంది. లోపల కొట్టిన చప్పట్లకు ఆమె అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"మా అత్త ఉంటే నీకు దిష్టి తీస్తుండె," అంది. తర్వాత ఖాళీ సంచి అతని చేతిలో పెట్టింది. "రేపన్న పోతవా?"

జల్‌పల్లి కాలనీ సంఘం సమావేశమై, బర్రె అయినా సరే మాట మాటేనని తీర్మానించింది. ఇప్పుడక్కడ వీధి మొదట్లో నీలిరంగు బోర్డు మీద 'చంద్రమతి వీధి' అని తెల్లని అక్షరాల్లో ఉంటుంది; దాని కిందే ఇంకో బోర్డు మీద 'ఇచ్చట పశువులను కట్టరాదు' అని ఉంటుంది.